కంప్యూటర్ - రిసీవర్ - ప్రొజెక్టర్: అందరూ అడుగుతున్న సందేహాలు ఒకచోట

ఒడిశా బరంపురంలో మా మేడ మీది గదికి ప్రొజెక్టర్ తగిలించినప్పట్నుంచి నా ఫోనుకి తీరిక లేదు. పర్లాకిమిడి నుంచి చుట్టాలు, రాయగడ నుంచి వాళ్ల స్నేహితులు, గుణుపురం, జయపురం నుంచి ఆ స్నేహితుల బావమరుదులు. అడిగేది మాత్రం అవే ప్రశ్నలు. ఒకే జవాబు వాట్సాప్‌లో పదిహేనుసార్లు టైపు చేశాక విసుగొచ్చి ఇక్కడ రాసి పెడుతున్నాను. మొత్తం చదవక్కర్లేదు, మీ తిప్పలు ఏదో వెతుక్కుని అక్కడికి వెళ్లిపోండి. ప్రశ్నలు మీరు అడిగిన మాటల్లోనే ఉంచాను.

## కొనే ముందు

మధ్యలో రిసీవర్ ఎందుకు? కంప్యూటర్ నుంచి తిన్నగా ప్రొజెక్టర్‌కి వైరు ఇస్తే పోలేదా?

బొమ్మ ఒక్కటే కావాలంటే ఇవ్వొచ్చు. సౌండ్ మాత్రం ప్రొజెక్టర్‌లో ఉండే చిన్న స్పీకర్ నుంచి, అదీ మీ నెత్తి వెనక నుంచి వస్తుంది, హీరో తెర మీద మాట్లాడుతుంటే గొంతు సీలింగ్ నుంచి వినపడుతుంది. రిసీవర్ అంటే లోపల ఆంప్లిఫయర్ ఉండి స్పీకర్లని మోగించే పెట్టె, అది పెడితే కంప్యూటర్ నుంచి వచ్చే ఒక్క హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే బొమ్మ, సౌండ్ రెండూ దానిలోకి వెళ్తాయి, సౌండ్ అది పట్టుకుని స్పీకర్లకి పంచుతుంది, బొమ్మని ప్రొజెక్టర్‌కి వదిలేస్తుంది. డిష్ బాక్సు, పిల్లల గేమ్ కన్సోల్ కూడా దానికే ఇచ్చేస్తే సీలింగ్ దాకా పోయే కేబుల్ ఒకటే. మీ దగ్గర ఉన్నది సొంత ఆంప్లిఫయర్ ఉన్న రెండు స్పీకర్లే అయితే మాత్రం రిసీవర్ జోలికి పోకండి, కంప్యూటర్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి ఆ స్పీకర్లకి వైరిస్తే సరిపోతుంది. డబ్బు మిగుల్తుంది.

మా దగ్గర పదేళ్ల నాటి రిసీవర్ ఉంది. హెచ్‌డీఎంఐ అయితే ఉంది గానీ ఇప్పటి ప్రొజెక్టర్‌కి పనికొస్తుందా?

ప్రొజెక్టర్ రిజల్యూషన్, అంటే బొమ్మలోని చుక్కల లెక్క, 1080పి అయితే నిశ్చింతగా వాడుకోండి. ఇంకా ఎక్కువ చుక్కలుండే 4కె అయితే రిసీవర్ వెనక ఉన్నది ఏ తరం హెచ్‌డీఎంఐ అన్నది చూడాలి. 1.4 అయితే సెకనుకి 10.2 గిగాబిట్లే మోస్తుంది, అంటే 4కె వస్తుంది కానీ 30 హెర్ట్జ్‌లోనే, అంటే సెకనుకి 30 బొమ్మలే, మౌస్ కదిపితే ఈడ్చుకుంటూ వస్తున్నట్టుంటుంది. 2013లో వచ్చిన 2.0 కి 18 గిగాబిట్లు, 4కె 60 హెర్ట్జ్‌కి అది చాలు. 2017లో ప్రకటించిన 2.1 లో అది 48 దాకా పోయింది, 4కె 120 లో గేములు ఆడేవాళ్లకి తప్ప ఇంట్లో సినిమాకి అంత అవసరం లేదు. ఇంకొకటి, ఓటీటీలో 4కె చూడాలంటే రిసీవర్‌కి హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ కూడా ఉండాలి, ఆ సంగతి మాన్యువల్‌లో ఉంటుంది.

ఇవేవీ లేవని పాత రిసీవర్‌ని పాత సామాన్లవాడికి ఇచ్చేయకండి. దానిలో పాతబడింది బొమ్మ దారి ఒక్కటే, ఆంప్లిఫయర్ కాదు. కంప్యూటర్ గ్రాఫిక్స్ కార్డుకి రెండు అవుట్‌పుట్‌లుంటే ఒకటి తిన్నగా ప్రొజెక్టర్‌కి బొమ్మ కోసం, రెండోది రిసీవర్‌కి సౌండ్ కోసం ఇచ్చి వాడుకోవచ్చు. విండోస్ రిసీవర్‌ని కూడా ఒక తెర అనుకుంటుంది, అదొక్కటే చికాకు.

అమెరికా నుంచి మా బావగారు సెలవులకొస్తూ రిసీవర్ తెస్తానంటున్నారు, అక్కడ చవకట. తెమ్మనమంటారా?

ముందు దాని వెనక ప్లేటు ఫొటో తీసి పంపమనండి. 120 వోల్ట్స్, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే అది మన 230 వోల్టుల మీద నడవదు, ప్లగ్గు మార్చే అడాప్టర్ పెట్టి ఆన్ చేసిన క్షణంలోనే దాని పని అయిపోతుంది. ల్యాప్‌టాప్ చార్జర్ 100 నుంచి 240 దాకా ఏదైనా తీసుకుంటుంది కాబట్టి రిసీవర్ కూడా అంతేనని చాలామంది అనుకుంటారు. ఎక్కువ రిసీవర్లలో ఉండేది బరువైన పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్, అది ఒక్క వోల్టేజీకే చుట్టింది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడపొచ్చు, రిసీవర్ మీద రాసిన వాట్లకి రెట్టింపు కెపాసిటీ ఉన్నది తీసుకోవాలి, అదొక ఇటుకంత బరువు, పైగా గుయ్‌మంటుంది. వారంటీ సంగతి సరేసరి. దుబాయ్, మస్కట్ నుంచి తెచ్చేవాళ్లకి ఈ గొడవ లేదు, అక్కడా 220-240 వోల్టులే.

నా ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ లేదు, యూఎస్‌బీ-సి ఒక్కటే ఉంది. ఏ అడాప్టర్ కొనాలి?

అడాప్టర్ కంటే ముందు ఆ రంధ్రం బొమ్మని బయటికి పంపుతుందో లేదో తేల్చుకోండి, చూడ్డానికి అన్ని యూఎస్‌బీ-సి లూ ఒకలాగే ఉంటాయి, కొన్ని చార్జింగ్‌కి, పెన్‌డ్రైవ్‌కి మాత్రమే. పక్కన థండర్‌బోల్ట్ అనే బాణం కొస ఉన్న మెరుపు గుర్తుగానీ, డి, పి అక్షరాలు కలిసిన డిస్‌ప్లేపోర్ట్ (హెచ్‌డీఎంఐ లాంటిదే ఇంకో రకం బొమ్మ దారి) గుర్తుగానీ ఉంటే పని జరుగుతుంది. గుర్తు లేకపోతే మోడల్ నంబరు పెట్టి కంపెనీ సైట్‌లో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ ఉందేమో చూడాలి. ఉంటే అడాప్టర్ మీద 4కె 60 హెర్ట్జ్ అని రాసి ఉన్నదే తీసుకోండి, ఊరికే 4కె అని ఉంటే అది 30 అని అర్థం చేసుకోవాలి.

డెస్క్‌టాప్ వాళ్లు డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మారే కేబుల్ వాడుకోవచ్చు. అది ఒంటిదారి కేబుల్, కంప్యూటర్ వైపు డిస్‌ప్లేపోర్ట్ ఉంటేనే పనిచేస్తుంది. నీలం రంగు పాత వీజీఏ తీగలో సౌండ్ అనేదే ఉండదు.

## కేబుళ్లు

ఇన్ని రంధ్రాలున్నాయి, ఏది ఎక్కడ గుచ్చాలి?

కంప్యూటర్ నుంచి వచ్చేది రిసీవర్ వెనక ఇన్ అని ఉన్న వరసలో ఏదో ఒకదానికి. గేమ్, మీడియా ప్లేయర్, సీబీఎల్ అని పేర్లు రాసి ఉంటాయి, అవి ఊరికే పేర్లు, దేనికైనా పెట్టొచ్చు. కానీ కొన్ని మోడళ్లలో అన్ని రంధ్రాలకీ ఒకే శక్తి ఉండదు, 4కె లేదా 8కె అని ముద్రించినవి ఉంటే వాటిలో పెట్టండి. రిసీవర్ అవుట్ నుంచి ప్రొజెక్టర్ ఇన్‌కి రెండో కేబుల్. అవుట్ రెండుంటే మొదటిది వాడండి, రిమోట్‌లో కూడా అదే ఎంచుకుని ఉందేమో చూడండి.

ఆ అవుట్ పక్కన ఏఆర్‌సీ అని ఉంటుంది, దాన్ని చూసి చాలామంది కంగారు పడతారు. అది టీవీలోనే ఉన్న యాప్‌ల సౌండ్‌ని రిసీవర్‌కి వెనక్కి తెచ్చుకునే ఏర్పాటు. మీ సౌండ్ కంప్యూటర్ నుంచి ముందే రిసీవర్‌కి చేరుతోంది కాబట్టి మీకు దాంతో పని లేదు. డెస్క్‌టాప్‌లో వేరే గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ ఆ కార్డుకే పెట్టండి, మదర్‌బోర్డు రంధ్రానికి కాదు. ఈ ఒక్క పొరపాటుతో రెండు గంటలు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ప్రొజెక్టర్ సీలింగ్‌కి ఉంది, రిసీవర్ తెర కింద ఉంది. ఎంత పొడుగు కేబుల్ దాకా పరవాలేదు?

మామూలు రాగి కేబుల్ 4కె 60 కి అయిదు మీటర్ల దాకా నమ్మొచ్చు. 1080పి అయితే పది మీటర్లు కూడా లాగేస్తుంది. నేను మొదట్లో పదిహేను మీటర్ల రాగి కేబుల్ కొన్నాను, అట్ట మీద పెద్ద అక్షరాలతో 4కె అని ఉంది, గోడంతా క్లిప్పులు కొట్టి బిగించాక చూస్తే తెర మీద తెల్ల చుక్కలు వాన చినుకుల్లా మెరుస్తున్నాయి, అయిదు నిమిషాలకోసారి రెండు సెకన్లు నల్లబడుతోంది. 1080పికి దింపితే చుక్క లేదు. చుక్కలు, మధ్యమధ్యలో నల్లబడటం, రిజల్యూషన్ తగ్గిస్తే నయమవ్వడం, ఈ మూడూ కలిసి కనబడితే తప్పు కేబుల్‌దే, సెట్టింగులు తిప్పి ప్రయోజనం లేదు.

పొడుగు దారికి ఫైబర్ హెచ్‌డీఎంఐ కేబుల్ తీసుకోండి, లోపల గాజు తీగ ఉంటుంది, ఇరవై ముప్ఫై మీటర్లయినా బెదరదు. రెండు జాగ్రత్తలు. దానికి తలా తోకా ఉంటాయి, సోర్స్ అని రాసిన కొస రిసీవర్‌కి, డిస్‌ప్లే అని రాసినది ప్రొజెక్టర్‌కి పెట్టాలి, తిరగేస్తే బొమ్మ రాదు. మూలల్లో మడత పెట్టి మేకు కొట్టకూడదు, గుండ్రంగా తిప్పాలి. గోడలో దూర్చే ముందు నేల మీద పరిచి ఒక సినిమా మొత్తం ఆడించి చూసుకోండి.

కొలత తీసేటప్పుడు గాల్లో తిన్నగా కాదు, గోడ ఎక్కి, సీలింగ్ మీద పాకి, మళ్లీ కిందికి దిగే దారి కొలవాలి, చివర ఒక మీటరు కలుపుకోవాలి.

ఇల్లు కడుతున్నాం. గోడలో ఏ పైపు వేయించమంటారు?

కరెంటు మిస్త్రీ అలవాటుగా వేసే సన్న పైపు వద్దు, హెచ్‌డీఎంఐ తల అందులో వంపుల దగ్గర ఇరుక్కుంటుంది. ఒకటిన్నర అంగుళం పైపు వేయించండి, మలుపు దగ్గర ఎల్బో బదులు పొడుగు బెండు పెట్టించండి, లోపల ఒక నైలాన్ తాడు వదిలేయండి. కరెంటు తీగలు దాంట్లో వేయొద్దని ముందే చెప్పాలి, ఖాళీ పైపు కనిపిస్తే మిస్త్రీ చేతులు ఊరుకోవు.

## మొదటిసారి ఆన్ చేసినప్పుడు

అన్నీ కలిపేశాను. తెర మీద నో సిగ్నల్ అంటోంది. ఇప్పుడేం చెయ్యాలి?

అన్నీ ఆపేయండి. ముందు ప్రొజెక్టర్ వేసి బాగా వెలిగేదాకా ఆగండి, తర్వాత రిసీవర్, చివర కంప్యూటర్. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. రిసీవర్ రిమోట్‌లో కంప్యూటర్ పెట్టిన ఇన్‌పుట్ ఎంచుకున్నారా, ప్రొజెక్టర్‌లో కేబుల్ ఉన్న హెచ్‌డీఎంఐ నంబరే ఎంచుకున్నారా చూడండి. రిసీవర్ మెనూ తెర మీద కనబడుతోందా? కనబడితే రిసీవర్ నుంచి పైకి దారి బాగుంది, గొడవ కంప్యూటర్ వైపు. అప్పుడు కీబోర్డు మీద విండోస్ కీ, పి కలిపి నొక్కి డూప్లికేట్ గానీ సెకండ్ స్క్రీన్ ఓన్లీ గానీ ఎంచుకోండి. మెనూ కూడా కనబడకపోతే సీలింగ్ కేబుల్, ప్రొజెక్టర్ ఇన్‌పుట్ అనుమానించాలి. చివరి పరీక్షగా రిసీవర్‌ని తప్పించి ల్యాప్‌టాప్‌ని పొట్టి కేబుల్‌తో తిన్నగా ప్రొజెక్టర్‌కి కలపండి, స్టూలెక్కాలి, తప్పదు. ఒక్కోసారి ఒక్కటే మార్చండి, మూడు కలిపి మార్చేస్తే దేనివల్ల బాగయిందో ఎప్పటికీ తెలియదు.

ప్రొజెక్టర్ 4కె, కంప్యూటర్ 4కె. కానీ సెట్టింగ్స్‌లో 4కె 60 కనబడట్లేదు. డిస్‌ప్లే పేరు దగ్గర రిసీవర్ కంపెనీ పేరు వస్తోంది. ఏంటిది?

ఇది అర్థమైతే మిగతా సగం తిప్పలు మీకు మీరే తీర్చుకుంటారు, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను. కంప్యూటర్ బొమ్మ పంపే ముందు అవతలి తెరని అడుగుతుంది, నీకు ఏ రిజల్యూషన్లు వచ్చు, ఎన్ని హెర్ట్జ్, ఏ సౌండ్లు వచ్చు అని. తెర ఒక చిన్న జాబితా పంపుతుంది, దాని పేరు ఈడీఐడీ. మధ్యలో రిసీవర్ ఉంటే ఆ జాబితా తిన్నగా రాదు, రిసీవర్ చదివి, దానికి తన సౌండ్ విద్యలు చేర్చి, బొమ్మలో తను మోయలేనివి కొట్టేసి, కంప్యూటర్‌కి తన మాటగా చెప్తుంది. మన వైపు తెలుగు తప్ప రాని మామ్మ తహసీల్ ఆఫీసుకెళ్తే పక్కన ఒడియా వచ్చిన కుర్రాడు దుబాసీగా ఉంటాడు చూడండి, ఆఫీసరుకి చేరేది ఆ కుర్రాడికి అర్థమైనంతే. రిసీవర్ ఆ కుర్రాడు. అందుకే పేరు దగ్గర కూడా దాని పేరే కనబడుతుంది.

మంచి సంగతి ఏంటంటే చాలా రిసీవర్లు 4కె 60 మొత్తం మోయగలిగినా పెట్టెలోంచి తీసినప్పుడు తక్కువ మోతాదులో పెట్టి ఉంటాయి, పాత పరికరాలు తికమక పడకుండా. రిసీవర్ సెటప్‌లో వీడియో లేదా హెచ్‌డీఎంఐ మెనూకి వెళ్లి సిగ్నల్ ఫార్మాట్ అనేది వెతకండి. స్టాండర్డ్ అని ఉంటే ఎన్‌హాన్స్‌డ్ చేయండి. పేరు కంపెనీకొకలా ఉంటుంది, కొన్నిట్లో మోడ్ 1, మోడ్ 2 అని ఉంటుంది, కొన్నిట్లో ప్రతి ఇన్‌పుట్‌కీ విడిగా మార్చాలి. ప్రొజెక్టర్ మెనూలోనూ ఇలాంటిదే ఒకటి ఉండొచ్చు, అదీ చూడండి. మార్చాక కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి, కొత్త జాబితా అడుగుతుంది.

అన్నీ చేసినా రాకపోతే ప్రొజెక్టర్ పెట్టె మీద 4కె సపోర్ట్ అని ఉందా, నేటివ్ 4కె అని ఉందా చదవండి. చవక ప్రొజెక్టర్లకి సపోర్ట్ అంటే 4కె సిగ్నల్ తీసుకుని 1080పికో 720పికో కుదించి చూపిస్తాం అని. అలాంటిదానికి 4కె పంపడం దండగ, దాని అసలు రిజల్యూషనే పంపితే బొమ్మ ఇంకా శుభ్రంగా ఉంటుంది.

డెస్క్‌టాప్ కనబడుతోంది, ఫోన్ వీడియోలు వస్తున్నాయి. ఓటీటీలో సినిమా పెడితే మాత్రం నల్లగా, సౌండ్ ఒక్కటే. నా అకౌంట్‌కేమైనా అయిందా?

అకౌంట్‌కేం కాలేదు. అది హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ, దారిలో ఉన్న ప్రతి పరికరం, అంటే రిసీవర్, ప్రొజెక్టర్, మధ్యలో అడాప్టర్, స్ప్లిటర్ ఏదున్నా అన్నీ దానికి జవాబు చెప్పాలి. ఒక్కటి మాట్లాడకపోయినా బొమ్మ ఆపేస్తారు, లేదా నాణ్యత తగ్గిస్తారు. చవక అడాప్టర్ తీసేసి చూడండి, మూడు నాలుగు తెరలకి డూప్లికేట్ చేసి ఉంటే ఒక్క ప్రొజెక్టర్‌కే పెట్టండి, స్క్రీన్ రికార్డింగ్ యాప్ గానీ దూరం నుంచి నడిపే యాప్ గానీ తెరిచి ఉంటే మూసేయండి. ఇంకో సంగతి, కంప్యూటర్ బ్రౌజర్లలో ఓటీటీలు చాలావరకు 4కె ఇవ్వవు, డబ్బు ఎక్కువ ప్లాన్‌కి కట్టినా సరే. ఓటీటీలో 4కె కోసమే మీ ఆరాటమైతే రిసీవర్‌కి ఒక స్ట్రీమింగ్ స్టిక్ తగిలించడం సుఖం, కంప్యూటర్‌ని మీ సొంత ఫైళ్లకి ఉంచుకోండి.

మౌస్ బాణం తెర కొసకి పోయి మాయమైపోతోంది.

ఎక్స్‌టెండ్‌లో ఉంది, కంప్యూటర్ తన పక్కన ఇంకో తెర ఉందనుకుంటోంది. ల్యాప్‌టాప్ తెర అవసరం లేకపోతే సెకండ్ స్క్రీన్ ఓన్లీ పెట్టేయండి. సౌండ్ కోసమే రిసీవర్‌కి విడి కేబుల్ ఇచ్చినవాళ్లు డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిసీవర్ పెట్టెని ఈడ్చి అసలు తెరకి ఒక మూల మాత్రం తగిలేలా పెట్టండి, బాణం అటు పోవడం దాదాపు ఆగుతుంది.

## సౌండ్

బొమ్మ తెర మీద, సౌండ్ ల్యాప్‌టాప్‌లో. ఎలా మార్చాలి?

కింద కుడి మూల స్పీకర్ బొమ్మ నొక్కితే అవుట్‌పుట్‌ల పట్టీ వస్తుంది, అందులో రిసీవర్ పేరు గానీ ప్రొజెక్టర్ పేరు గానీ ఉంటుంది, ఎన్విడియా, ఇంటెల్ అని పక్కన ఉండొచ్చు. దాన్ని ఎంచుకోండి. పట్టీలో లేకపోతే గ్రాఫిక్స్ డ్రైవర్ కంపెనీ సైట్ నుంచి వేయండి, హెచ్‌డీఎంఐ సౌండ్ డ్రైవర్ దానితోనే వస్తుంది.

అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ పెట్టాను. ముందు రెండే మోగుతున్నాయి. మోసపోయానా?

ముందు విండోస్‌కి మీ దగ్గర అయిదు ఉన్నాయని చెప్పాలి, అది ఎప్పుడూ రెండే అనుకుంటుంది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ఎంఎంఎస్‌వైఎస్ డాట్ సీపీఎల్ అని ఇంగ్లీషులో టైపు చేస్తే పాత సౌండ్ విండో తెరుచుకుంటుంది. రిసీవర్ మీద నొక్కి కాన్ఫిగర్, అందులో 5.1, ఒక్కో స్పీకర్ టెస్ట్. అన్నీ మోగితే మీ వైరింగ్‌లో లోపం లేదు. మ్యాక్ వాళ్లు ఆడియో మిడి సెటప్ అనే యాప్‌లో ఇదే పని చేయాలి.

5.1 ఆప్షనే మసకబారి ఉంటే, కంప్యూటర్ ఆన్ అయినప్పుడు రిసీవర్ స్టాండ్‌బైలో ఉండి ఉంటుంది. స్టాండ్‌బైలో కూడా కొన్ని రిసీవర్లు సిగ్నల్‌ని దాటిస్తాయి, అప్పుడు కంప్యూటర్‌కి ప్రొజెక్టర్ చిన్న స్పీకరే కనబడి స్టీరియో అని రాసుకుంటుంది. రిసీవర్ ఆన్ చేసి హెచ్‌డీఎంఐ పీకి మళ్లీ పెట్టండి.

ఇదంతా చేశాక కూడా వెనక స్పీకర్లు నిశ్శబ్దంగా ఉంటే మీరు పెట్టినది ఏంటో చూసుకోండి. యూట్యూబ్‌లో పాటలు, పాత సినిమాలు దాదాపు అన్నీ స్టీరియోనే, వాటిలో లేని సౌండ్ వెనక నుంచి రాదు. రిసీవర్‌లో డాల్బీ సరౌండ్ మోడ్ వేస్తే రెండింటిని విడదీసి వెనక్కి కాస్త పంచుతుంది. పెళ్లి వీడియోలకి, భోజనాల వేళ పాటలకి ఆల్ ఛానెల్ స్టీరియో బాగుంటుంది. సినిమాకి మాత్రం వద్దు.

పీసీఎం మంచిదా, బిట్‌స్ట్రీమ్ మంచిదా? రిసీవర్ మీద డాల్బీ అని వెలగాలని మా వాడి గొడవ.

వండిన అన్నం పంపించడం, బియ్యం పంపించి అక్కడ వండుకోమనడం. పీసీఎంలో కంప్యూటరే డాల్బీని విప్పి విడివిడి ఛానెళ్లుగా పంపుతుంది, బిట్‌స్ట్రీమ్‌లో మూట అలాగే పంపితే రిసీవర్ విప్పుతుంది. 5.1, 7.1 సినిమాలకి చెవికి తేడా తెలియదు, రిసీవర్ మీద వెలిగే పేరు మాత్రం మారుతుంది. పైనుంచి కూడా సౌండ్ వినిపించే డాల్బీ అట్మాస్ సంగతి వేరు. సీలింగ్ స్పీకర్లుండి ఫైల్‌లో అట్మాస్ ఉంటే మూట విప్పకుండానే పంపాలి, మామూలు పీసీఎంగా మారిస్తే ఆ పై సౌండ్ సమాచారం పోతుంది. కోడి అనే సినిమా ప్లేయర్ యాప్‌లో ఆడియో సెట్టింగ్స్‌కి వెళ్లి వసాపి అని పేరు ముందున్న పరికరాన్ని ఎంచుకుని పాస్‌త్రూ ఆన్ చేస్తే పని అయిపోతుంది. ఓటీటీ యాప్‌లకి, గేములకి డాల్బీ యాక్సెస్ యాప్ వేసుకుని హోమ్ థియేటర్ ఆప్షన్ తీసుకోండి, దానికి డబ్బు అడగరు, హెడ్‌ఫోన్ వాటికే అడుగుతారు.

బిట్‌స్ట్రీమ్ పోతున్నంతసేపూ కంప్యూటర్ వాల్యూమ్ పనిచేయదు, రిసీవర్ రిమోటే దిక్కు. ఆప్టికల్ తీగతో ఇదంతా కుదరదు, దాంట్లో స్టీరియో పీసీఎం లేదా కుదించిన 5.1 వరకే.

మాట ముందు వినబడి పెదాలు తర్వాత కదులుతున్నాయి. చూడలేకపోతున్నాం.

ప్రొజెక్టర్ బొమ్మని సవరించి చూపించడానికి కొంత టైము తీసుకుంటుంది, సౌండ్ ఈలోపే స్పీకర్లకి చేరిపోతుంది. రిసీవర్‌లో ఆడియో డిలే లేదా లిప్ సింక్ అని ఉంటుంది, వార్తలు చదివే మనిషి వీడియో పెట్టుకుని 50 మిల్లీసెకన్ల దగ్గర మొదలెట్టి పదేసి పెంచుకుంటూ పొండి. ప్రొజెక్టర్‌లో మోషన్ స్మూతింగ్ లాంటివి తీసేస్తే అసలు ఆలస్యమే తగ్గుతుంది. తిరగేసి, అంటే పెదాలు ముందు కదిలి మాట వెనక వస్తుంటే రిసీవర్ ఏమీ చేయలేదు, అది సౌండ్‌ని ఆపగలదు గానీ ముందుకి తోయలేదు కదా. అప్పుడు వీఎల్‌సీ ప్లేయర్‌లో జె కీ నొక్కుతూ పోతే ఒక్కో నొక్కుకి 50 మిల్లీసెకన్లు సౌండ్ ముందుకి జరుగుతుంది, కె నొక్కితే వెనక్కి.

స్పీకర్లలో సన్నగా గుయ్‌మని హోరు. కంప్యూటర్ కలిపినప్పుడే వస్తోంది.

ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పీకేసి చూడండి. హోరు ఆగిపోతే ఎర్త్ గొడవ. కంప్యూటర్ ఒక గదిలో సాకెట్‌కి, రిసీవర్ ఇంకో గదిలో సాకెట్‌కి ఉంటే రెండు ఎర్త్‌ల మధ్య చిన్న తేడా ఆడియోలో దూరుతుంది. అన్నిటినీ ఒకే స్విచ్‌బోర్డుకి తెచ్చి చూడండి. కేబుల్ టీవీ తీగ గానీ డిష్ తీగ గానీ రిసీవర్‌కి కలిసిన బాక్సుకి ఉంటే దాన్ని పీకి చూడండి, బయటి నుంచి హోరు మోసుకొచ్చేది చాలాసార్లు అదే.

మూడో పిన్ను విరగ్గొడితే హోరు పోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. పోతుంది నిజమే, దాంతోపాటు మీ ప్రాణానికున్న కాపలా కూడా పోతుంది. మన పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన లోపల ఎర్త్ తీగ ఉన్నట్టు కాదు. రిసీవర్ డబ్బాని తాకితే చిమచిమ మంటే మిస్త్రీని పిలిచి ఎర్త్ చూపించండి, అది సౌండ్ సమస్య కాదు.

## బొమ్మ

నలుపు నల్లగా లేదు, బూడిద పూసినట్టుంది. లేదంటే చీకటి సీన్లలో ఏమీ కనబడదు.

కంప్యూటర్ నలుపుని 0 అని, తెలుపుని 255 అని లెక్కేస్తుంది. సినిమా పరికరాలు నలుపు 16, తెలుపు 235 అనుకుంటాయి. ఒకరు ఒక లెక్కలో పంపి ఇంకొకరు ఇంకో లెక్కలో చదివితే ఇలా అవుతుంది. గ్రాఫిక్స్ కంట్రోల్ ప్యానెల్‌లో అవుట్‌పుట్ రేంజ్, ప్రొజెక్టర్‌లో హెచ్‌డీఎంఐ రేంజ్ రెండూ ఫుల్ (0-255) గానీ రెండూ లిమిటెడ్ (16-235) గానీ ఉండాలి. ఆటో మీద వదిలేయకండి. తర్వాత కిటికీ తలుపులు వేసి చూడండి, పగటి వెలుగులో ఏ సెట్టింగూ నలుపుని తేలేదు.

అక్షరాలు మసగ్గా ఉన్నాయి, కింద టాస్క్‌బార్ సగం తెగిపోయింది.

తెగిపోవడం ఓవర్‌స్కాన్, ప్రొజెక్టర్ మెనూలో ఆఫ్ చేయండి. మసక పోవాలంటే కంప్యూటర్ రిజల్యూషన్ ప్రొజెక్టర్ అసలు రిజల్యూషన్‌తో సమానంగా ఉండాలి. కీస్టోన్ సున్నాకి తేవాలి, బొమ్మ వంకరని అది లోపల పిక్సెళ్లు నలిపి సరిచేస్తుంది, ప్రొజెక్టర్‌నే తిన్నగా బిగిస్తే ఆ అవసరం రాదు.

కెమెరా మెల్లగా పక్కకి తిరిగితే బొమ్మ అదురుతోంది.

సినిమా సెకనుకి 24 ఫ్రేములు, కంప్యూటర్ 60 పంపుతోంది. 60ని 24 నిశ్శేషంగా భాగించదు, కొన్ని ఫ్రేములు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు పడతాయి, ఆ అదురు అదే. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 24 లేదా 23.976 ఎంచుకుని సినిమా చూడండి. కోడిలో రిఫ్రెష్ రేట్ తనంతట తాను మార్చుకునే ఆప్షన్ ఉంది. సినిమా అయ్యాక 60కి తెచ్చుకోండి, లేకపోతే మౌస్ నత్త నడక నడుస్తుంది.

## కరెంటు, వాన, రోజువారీ గొడవలు

సినిమా మధ్యలో కరెంటు పోతే ప్రొజెక్టర్ పాడవుతుందా? అన్నిటికీ యూపీఎస్ పెట్టాలా?

బల్బు ప్రొజెక్టర్‌కి అది దెబ్బే. ఆపాక కూడా ఒకటి రెండు నిమిషాలు ఫ్యాను తిరిగి బల్బుని చల్లార్చాలి, కరెంటు పోతే వేడి లోపలే ఉండిపోతుంది. మాటిమాటికీ ఇలా అయితే బల్బు ఆయుష్షు తగ్గుతుంది. ఎల్ఈడీ, లేజర్ వాటికి అంత భయం లేదు. ప్రొజెక్టర్‌కి, కంప్యూటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టండి, సినిమా పూర్తి చేయడానికి కాదు, పద్ధతిగా ఆపుకోవడానికి. రిసీవర్‌ని దాని మీద వేయకండి, బ్యాటరీ తాగేస్తుంది. ఇంటి ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమైతే దాని మీద రిసీవర్ ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటుంది, ప్యూర్ సైన్ వేవ్ అయితే నడపొచ్చు.

2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని ముంచింది, ఇటువైపు వాళ్లకి తుపాను గురించి నేను చెప్పేదేముంది. హెచ్చరిక రాగానే స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గులు పీకేయండి, డిష్ తీగ, ఇంటర్నెట్ తీగ కూడా. వేసవి సాయంత్రాల ఉరుముల వానకీ ఇదే పని. మా వీధిలో పిడుగు పడినప్పుడు రిసీవర్ స్విచ్ ఆఫ్‌లోనే ఉంది, డిష్ తీగ మీదుగా వచ్చి హెచ్‌డీఎంఐ బోర్డుని కాల్చేసింది, సౌండ్ మాత్రం ఇప్పటికీ పలుకుతుంది.

గోపాల్‌పూర్, ఛత్రపురం లాంటి సముద్రం గాలి తగిలే ఊళ్లలో కేబుల్ కొసలు ఉప్పుకి నల్లబడతాయి. ఏడాదికోసారి తీసి మళ్లీ గుచ్చండి, వాడని రంధ్రాలకి రబ్బరు మూతలు పెట్టండి.

నెల రోజులు బాగానే నడిచింది. ఇప్పుడు కంప్యూటర్ స్లీప్ నుంచి లేస్తే బొమ్మ రావట్లేదు.

పరికరాలు ఒకదాన్నొకటి పలకరించుకోవడంలో ఎవరో నిద్రపోయారు. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి, గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది, బీప్ వినబడొచ్చు. రాకపోతే రిసీవర్‌లో ఇన్‌పుట్ వేరేదానికి మార్చి వెనక్కి తేండి, అప్పుడు కొత్తగా పలకరిస్తుంది. రోజూ ఇదే గొడవైతే రిసీవర్‌లో, ప్రొజెక్టర్‌లో సీఈసీ (హెచ్‌డీఎంఐ మీదుగా ఒక పరికరం ఇంకోదాన్ని ఆన్, ఆఫ్ చేసే ఏర్పాటు) ఆపేసి కొన్నాళ్లు చూడండి. స్లీప్ బదులు పూర్తిగా షట్‌డౌన్ చేసేవాళ్లకి ఈ తిప్పలు చాలా తక్కువ.

మా ఆవిడకి ఒడియా సీరియల్, నాకు మ్యాచ్. రిసీవర్‌కి రెండు అవుట్‌లున్నాయి కదా, ప్రొజెక్టర్‌లో ఒకటి, హాల్లో టీవీలో ఒకటి వేసుకోవచ్చా?

మామూలు రిసీవర్లలో రెండు అవుట్‌లకీ ఒకే బొమ్మ పోతుంది. జోన్ 2 అని రాసి ఉన్న అవుట్ ఉంటేనే వేరే బొమ్మ కుదురుతుంది, అది ఖరీదైన మోడళ్లలోనే ఉంటుంది. ఒకే బొమ్మ రెండు చోట్లకి పంపినా ఒక చిక్కు ఉంది, టీవీ 1080పి అయి ప్రొజెక్టర్ 4కె అయితే రెండూ 1080పికి దిగిపోతాయి, తక్కువదాని మాటే చెల్లుతుంది. 4కె కావాలనుకున్న రాత్రి రిమోట్‌లో అవుట్ 1 ఒక్కటే ఉంచండి. సీరియల్, మ్యాచ్ ఒకే టైముకి పడితే సెట్‌టాప్ బాక్స్ తిన్నగా టీవీకి కలిపి హాలు ఆవిడకి వదిలేయండి, మేడ మీది గది మీది. మా ఇంట్లో హాలు నాకొచ్చింది, ప్రొజెక్టర్ ఆవిడ తీసుకుంది.